పాత టెస్ట్ పరికరాల పవర్ సప్లై: లోపం సప్లైలోనా, లోడ్‌లోనా?

పాత ఆసిలోస్కోప్ ఒకటి వెలగడం లేదు. మూత తీసి కొలిస్తే +15 వోల్టుల రైల్ (పవర్ సప్లై నుంచి బోర్డులకు ఒక స్థిర వోల్టేజీ తీసుకెళ్లే లైన్) మీద 3 వోల్టులే ఉన్నాయి. ఇలాంటప్పుడు ఎక్కువమంది చేసే పని ఒకటే: కనిపించిన ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లన్నీ పీకి కొత్తవి వేయడం. అదృష్టం బాగుంటే పరికరం లేస్తుంది. చాలాసార్లు మాత్రం ఆ 3 వోల్టులు అలాగే ఉంటాయి. పైగా ఒక కెపాసిటర్ తలకిందులుగా పడి ఉంటుంది, ఒకటో రెండో ప్యాడ్లు లేచిపోయి ఉంటాయి. ఒక్క లోపం ఉన్న పరికరంలో ఇప్పుడు మూడు చేరాయి.

రైల్ వోల్టేజీ పడిపోవడం లక్షణం మాత్రమే. దాని వెనుక మూడు వేర్వేరు పరిస్థితులు ఉండొచ్చు. సప్లై కరెంటు ఇవ్వలేకపోవచ్చు. సప్లై బాగానే ఉన్నా లోడ్, అంటే ఆ కరెంటు వాడుకునే బోర్డులు, అతిగా లాగుతుండవచ్చు. లేదా ఈ రెండూ బాగుండి, ఈ రైల్ ఏ రైల్‌ను చూసి తన వోల్టేజీని నిర్ణయించుకుంటుందో అది పడిపోయి ఉండవచ్చు. మీటరు మీద మూడూ ఒకేలా కనిపిస్తాయి, మరమ్మతు మాత్రం దేనికదే వేరు. కాబట్టి ఏ భాగం మార్చాలన్నది తర్వాతి మాట. ఈ మూడింటిలో ఏదన్నది ముందు తేలాలి.

కరెంటు పెట్టే ముందు

వెనక ప్యానెల్ మీద మెయిన్స్ వోల్టేజీ సెలెక్టర్ ఎక్కడ ఉందో చూడండి. 115 వోల్టుల స్థానంలో ఉన్న పరికరాన్ని 230కి తగిలిస్తే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అంతగా కంటికి కనబడని తేడా మరొకటి ఉంది. 220 వోల్టుల ట్యాప్ (ట్రాన్స్‌ఫార్మర్ మీద సెలెక్టర్ కలిపే కొస) మీద ఉన్న పరికరానికి 240 వస్తే తొమ్మిది శాతం ఎక్కువ. లీనియర్ రెగ్యులేటర్ (వోల్టేజీని స్థిరంగా ఉంచే సర్క్యూట్) ఆ అదనపు వోల్టేజీని మొత్తం వేడిగా మార్చేస్తుంది. ట్యాపుల్లో ఎక్కువది ఉంటే దానికే మార్చడం మేలు.

గాజు ఫ్యూజు కాలిన తీరు కూడా కబురు చెబుతుంది. లోపలి గాజు నల్లగానో వెండి పూతలాగో మారి ఉంటే పెద్ద కరెంటు ఒక్కసారిగా పారింది: ఏసీని డీసీగా మార్చే రెక్టిఫైయర్ బ్రిడ్జి, ప్రధాన ఫిల్టర్ కెపాసిటర్, స్విచింగ్ సప్లై (కరెంటును వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ నడిచే రకం) అయితే మెయిన్స్ వైపు ట్రాన్సిస్టర్ అనుమానితులు. గాజు శుభ్రంగా ఉండి తీగ మధ్యలో సన్నగా తెగి ఉంటే కొద్దిపాటి ఓవర్‌లోడ్ చాలాసేపు నడిచింది, లేదా ఫ్యూజుకే వయసైపోయింది. రెండో సందర్భంలో అదే రకం, అదే విలువ ఫ్యూజు ఒక్కసారి వేసి చూడొచ్చు. మొదటి సందర్భంలో అలా వేయడం ఫ్యూజు దండగ.

మెయిన్స్ ఇన్‌పుట్ దగ్గర పారదర్శకమైన పసుపు రంగు తొడుగుతో రీఫా పీఎంఈ271 తరహా కాగితపు కెపాసిటర్లు ఉంటే పవర్ ఇవ్వకముందే తీసేయండి. ఏళ్లు గడిచేకొద్దీ తొడుగు పగులుతుంది, తేమ లోపలి కాగితంలోకి ఇంకుతుంది, కొంతసేపు కరెంటులో ఉండగానే ఘాటైన పొగ వదులుతుంది. అది స్విచ్‌కు ముందు కలిపి ఉంటే పరికరం ఆఫ్‌లో ఉన్నా కాలగలదు. దాని బదులు ఎక్స్2 తరగతి కెపాసిటరే వేయాలి. లైన్ నుంచి ఎర్త్‌కు కలిసినవైతే వై2 తరగతివి. మామూలు డీసీ ఫిల్మ్ కెపాసిటర్ మీద ఎంత వోల్టేజీ రాసి ఉన్నా ఈ స్థానాలకు పనికిరాదు.

నిల్వ ఉన్న చార్జిని స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేసి వదిలించకండి. 2.2 కిలో ఓమ్‌ల, 10 వాట్ల వైర్‌వూండ్ రెసిస్టర్‌కు ఇన్సులేషన్ ఉన్న తీగలు కట్టుకుంటే 320 వోల్టుల్లో ఉన్న 470 మైక్రోఫారడ్ కెపాసిటర్ దాదాపు 5 సెకన్లలో ఖాళీ అవుతుంది. ఖాళీ అయిందని నమ్మేది మీటరు చూశాకే.

మొదటి పవర్‌కు మెయిన్స్‌తో సీరీస్‌లో 60 లేదా 100 వాట్ల ఫిలమెంట్ బల్బు పెట్టడం మంచి అలవాటే, అయితే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న లీనియర్ సప్లైలకు మాత్రమే. బల్బు మెరిసి మందగిస్తే సరే. పూర్తి వెలుగుతో నిలిచిపోతే లోపల షార్ట్. మందంగా వెలుగుతూ రైల్స్ కొద్దిగా తక్కువ చూపిస్తే దాని మీద ఏ నిర్ణయానికీ రావద్దు. ఆ తగ్గుదల బల్బు వల్లే కావచ్చు. స్విచింగ్ సప్లైకి ఈ బల్బు సరిపడదు: వోల్టేజీ తగ్గేకొద్దీ సప్లై కరెంటు ఎక్కువ లాగుతుంది, బల్బు ఇంకా వోల్టేజీ తగ్గిస్తుంది, చివరికి బాగున్న సప్లై కూడా ఆగుతూ మొదలవుతూ కొట్టుకుంటుంది.

ఏ రైల్ ముందు కొలవాలి

ఆనాటి టెస్ట్ పరికరాల్లో రైల్స్ దేనికవే స్వతంత్రం కావు. ఒక దాంట్లో జీనర్ రిఫరెన్స్ (కదలని వోల్టేజీ ఇచ్చే డయోడ్) ఉంటుంది, మిగతావి దాని ఔట్‌పుట్‌ను చూసి తమ వోల్టేజీని సరిచేసుకుంటాయి. టెక్‌ట్రోనిక్స్ 465 ఆసిలోస్కోప్‌లో +110, +55, +15, +5, -8 రైల్స్ ఉన్నాయి. వీటిలో పెద్ద దిక్కు, అంటే తల్లి రైల్, +55. అదే కంపెనీ 7000 సిరీస్ మెయిన్‌ఫ్రేముల్లో (ప్లగిన్లు పెట్టే స్కోపు బాడీల్లో) -50 ఆ స్థానంలో ఉంటుంది. వాక్యూమ్ ట్యూబుల కాలపు 545లో -150 వోల్టుల రైల్‌కు 5651 అనే గ్యాస్ ట్యూబు రిఫరెన్స్. +100, +225, +350, +500 అన్నీ ఆ -150 మీద ఆధారపడ్డవే.

దీనివల్ల కొలిచే క్రమం దానంతటదే తేలుతుంది. ఐదు రైల్స్‌లో నాలుగు తప్పుగా ఉంటే నాలుగు లోపాలు వెతకడం కాదు, తల్లి రైల్ దగ్గరికి వెళ్లాలి. అది సరిగ్గా ఉండి ఒక్కటే తప్పితే ఆ ఒక్కదాని వెంట పడాలి. సర్వీస్ మాన్యువల్‌లోని సర్క్యూట్ బొమ్మలో ప్రతి రెగ్యులేటర్ ఎర్రర్ యాంప్లిఫైయర్ (ఔట్‌పుట్‌ను రిఫరెన్స్‌తో పోల్చి సరిదిద్దే భాగం) ఇన్‌పుట్ ఎక్కడి నుంచి వస్తోందో పెన్సిల్‌తో గీసుకుంటే పదినిమిషాల్లో వంశవృక్షం వచ్చేస్తుంది. మాన్యువల్ లేకుండా ఈ పనికి దిగడం చీకట్లో తడుముకోవడమే.

ఆధారం ఇంకో దారిలోనూ ఉంటుంది. చాలా డిజైన్లలో ఎర్రర్ యాంప్లిఫైయర్ నడవడానికి కావాల్సిన కరెంటు వేరే రైల్ నుంచి వస్తుంది. కొన్నిట్లో రెండు రైల్స్ పరస్పరం ఆధారపడి ఉంటాయి, మొదలుకావడానికి ఒక డయోడో రెసిస్టరో తోపుడిస్తుంది. ఆ చిన్న భాగం తెగితే రెండు రైల్స్ నిశ్శబ్దంగా సున్నా దగ్గర కూర్చుంటాయి, ఏ భాగమూ వేడెక్కదు, దేని మీదా అనుమానం రాదు.

కరెంటు పారుతోందా, లేదా

రైల్ పడిపోయినప్పుడు అడగాల్సిన అసలు ప్రశ్న వోల్టేజీ ఎంత అని కాదు, కరెంటు ఎంత అని. దాన్ని కొలవడానికి ఏదీ తెంచక్కర్లేదు. లోడ్‌కు వెళ్లే కరెంటును నియంత్రించే పాస్ ట్రాన్సిస్టర్‌తో సీరీస్‌లో కరెంటును గమనించే ఒక చిన్న విలువ రెసిస్టర్ ఉంటుంది, ఒక ఓమ్‌కు అటూ ఇటుగా. దాని రెండు చివరల మధ్య వోల్టేజీ కొలవండి.

అక్కడ దాదాపు సున్నా ఉంటే కరెంటు పారడం లేదు. తప్పు సప్లైదే. ముందు రెగ్యులేటర్‌కు వచ్చే ముడి డీసీ ఉందో లేదో చూసి, తర్వాత పాస్ ట్రాన్సిస్టర్ బేస్, ఎమిటర్ మధ్య కొలవండి. సిలికాన్ ట్రాన్సిస్టర్‌కు 0.6 వోల్టుల దరిదాపుల్లో ఉన్నా కరెంటు లేకపోతే కలెక్టర్ వైపు తెగింది, లేదా సాకెట్లో కాలు పట్టడం లేదు. ఒక వోల్టు దాటితే ఆ జంక్షన్ ఓపెన్. అయితే డార్లింగ్టన్ జతకు రెండు జంక్షన్లు కలిసి 1.2 వోల్టులు మామూలే అని మరవకూడదు. అసలేమీ లేకపోతే బేస్‌కు డ్రైవ్ అందడం లేదు. వెనక్కి నడిచి డ్రైవర్ ట్రాన్సిస్టర్, ఎర్రర్ యాంప్లిఫైయర్, రిఫరెన్స్ చూడాలి. 723 అనే రెగ్యులేటర్ ఐసీ వాడిన సప్లైలో రిఫరెన్స్ కాలు మీద సుమారు 7.15 వోల్టులు ఉండాలి. 6.8 నుంచి 7.5 దాకా సహజం.

రెసిస్టర్ మీద వోల్టేజీ గట్టిగా కనిపిస్తే కథ తిరగబడుతుంది. సప్లై తన శక్తికొద్దీ ఇస్తోంది, కరెంటు హద్దు దాటకుండా చూసే లిమిటర్ దాన్ని పట్టి ఆపుతోంది. ఇక్కడే ఫోల్డ్‌బ్యాక్ సంగతి తెలియాలి. ముడి డీసీ 24 వోల్టులు, ఔట్‌పుట్ 15, కరెంటు 1 యాంపియర్ అనుకుంటే పాస్ ట్రాన్సిస్టర్ మీద 9 వాట్లు. ఔట్‌పుట్ షార్ట్ అయి అదే 1 యాంపియర్ పారితే 24 వాట్లు, చిన్న హీట్‌సింక్‌కు అది మించిన బరువు. అందుకే వోల్టేజీ పడేకొద్దీ కరెంటు హద్దును కూడా, ఉదాహరణకు 0.3 యాంపియర్ దాకా, దించేసేలా డిజైన్ చేస్తారు, ఇదే ఫోల్డ్‌బ్యాక్. ఇప్పుడు మొదట్లో చూసిన 3 వోల్టులను 0.3తో భాగించండి: 10 ఓమ్‌లు. అంటే లోడ్ వైపు ఉన్నది పూర్తి షార్ట్ కాదు, పది ఓమ్‌ల లీకేజీ. పూర్తి షార్ట్ అయితే మీటరు మీద కొన్ని వందల మిల్లీవోల్టులకు మించి ఉండదు. పడిపోయిన రైల్ మీద మిగిలిన వోల్టేజీ ఇలా సమాచారంగా ఉపయోగపడుతుంది, దాన్ని కొట్టిపారేయకండి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది దీనికి పూర్తి వ్యతిరేకం: పాస్ ట్రాన్సిస్టర్ కలెక్టర్, ఎమిటర్ కలిసిపోయి 15 వోల్టుల రైల్ మీదికి 24 వచ్చేయడం. వోల్టేజీ ఎక్కువ చూపిస్తే ఆ క్షణమే ఆఫ్ చేయాలి, కొలతలు తర్వాత. క్రోబార్ ఎస్‌సీఆర్ (వోల్టేజీ పెరిగితే రైల్‌ను కావాలనే షార్ట్ చేసి ఫ్యూజు ఎగరగొట్టే రక్షణ భాగం) ఉన్న సప్లైలో ఇదే లోపం ఫ్యూజు ఎగిరిపోవడంగా కనిపిస్తుంది. ఎస్‌సీఆర్ తన పని తాను చేసిందని గ్రహించకుండా దాన్నే షార్ట్ అనుకుని పీకేస్తే తర్వాతి ఆన్‌తో లాజిక్ బోర్డులన్నీ పోతాయి.

లోడ్ వైపు వేట

లోడ్ మీద అనుమానం నిలిస్తే మొట్టమొదట చూడాల్సింది టాంటలం కెపాసిటర్లను. నీటిబొట్టు ఆకారంలో రంగుల పూతతో ఉండే ఇవి అల్యూమినియం ఎలక్ట్రోలిటిక్‌ల మాదిరి నెమ్మదిగా ఎండిపోవు, నేరుగా షార్ట్ అవుతాయి. గట్టి సప్లైకి అడ్డంగా, రైల్ వోల్టేజీకి ఆనుకుని ఉన్న రేటింగ్‌తో పెట్టినవి ముందుగా పోతాయి. 15 వోల్టుల రైల్ మీద 20 వోల్టుల టాంటలం కనిపిస్తే దాన్నే ముందు చూడండి. మార్చేటప్పుడు రేటింగ్ రైల్‌కు రెట్టింపు ఉండేలా చూసుకోవాలి: 15కి 35, 8కి 16 లేదా 20.

పవర్ తీసి, చార్జి వదిలించి, రైల్ నుంచి గ్రౌండ్‌కు రెసిస్టెన్స్ కొలవండి. మీటరు తీగలు మార్చి మరోసారి కొలవండి. రెండు దిక్కుల్లోనూ 1, 2 ఓమ్‌లు చూపితే షార్టే. రెండు రీడింగుల మధ్య తేడా ఎక్కువుంటే అది సెమీకండక్టర్ల సహజ దారి. టీటీఎల్ (ఒక పాత రకం లాజిక్) ఐసీలు నిండిన +5 రైల్ మీద పదుల ఓమ్‌లు మామూలే. దాన్ని షార్టనుకుని వెతికితే రోజు వృథా.

బోర్డులకు వెళ్లే కనెక్టర్లు ఒక్కొక్కటే విప్పుతూ రెసిస్టెన్స్ ఎప్పుడు పెరిగిందో చూస్తే బోర్డు దొరుకుతుంది. బోర్డు లోపల రైల్ ప్రవేశించే చోట కొద్ది ఓమ్‌ల రెసిస్టరో చిన్న కాయిలో ఉంటుంది. ఆ రెసిస్టర్ నల్లబడి ఉంటే దాని వెనక ఉన్న కెపాసిటరే దోషి.

అలాంటి ఆనవాలు లేనప్పుడు బయటి సప్లైతో కరెంటు ఎక్కించి వెతకాలి. వోల్టేజీ హద్దు 0.5, కరెంటు హద్దు 1 యాంపియర్ పెట్టండి. అంత తక్కువ వోల్టేజీకి సిలికాన్ జంక్షన్లు పెద్దగా తెరుచుకోవు కాబట్టి కరెంటంతా షార్ట్‌లోకే పోతుంది. 35 మైక్రాన్ల మందం రాగి పొరకు ప్రతి చదరానికి అర మిల్లీ ఓమ్ చొప్పున, 2 మిల్లీమీటర్ల వెడల్పు, 100 మిల్లీమీటర్ల పొడవు ట్రాక్‌లో 25 మిల్లీ ఓమ్‌లు ఉంటాయి. 1 యాంపియర్‌కు 25 మిల్లీవోల్టులు, సాధారణ డిజిటల్ మీటరుకు అందే విలువే. మీటరు నల్ల తీగను సప్లై గ్రౌండ్ దగ్గర ఉంచి, ఎర్ర తీగతో ట్రాక్ వెంట నడవండి. షార్ట్ వైపు వెళ్తున్నంతసేపూ రీడింగ్ తగ్గుతుంది. దాన్ని దాటి పక్క కొమ్మలోకి పోతే కరెంటు లేదు గనుక రీడింగ్ కదలదు. తగ్గడం ఎక్కడ ఆగిందో అక్కడే కెపాసిటర్. థర్మల్ కెమెరా ఉంటే ఇదే పని చూపుతోనే అయిపోతుంది. లేకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ పూసి ఎక్కడ ముందు ఆరిపోతోందో గమనించవచ్చు.

అప్పుడప్పుడూ ఎదురయ్యే చిక్కు: మీటరుకు బాగా కనిపించే టాంటలం పూర్తి వోల్టేజీకి లీకవుతుంది. ఓమ్ మీటరు పెట్టే వోల్టేజీ ఆ బలహీనతను బయటపెట్టదు. అలాంటప్పుడు ఆ బోర్డును విడిగా తీసి, కరెంటు హద్దు 200 మిల్లీయాంపియర్‌కు కట్టి, వోల్టేజీని మెల్లగా రైల్ విలువ దాకా పెంచాలి. మిగతా రైల్స్ లేకుండా ఐసీలను ఆ స్థితిలో సెకన్లకు మించి ఉంచకండి.

స్కోపుల్లో రైల్‌ను కిందికి లాగే మరో లోడ్ సీఆర్‌టీ (తెర ట్యూబు) హై వోల్టేజీ ఆసిలేటర్. ట్రాన్స్‌ఫార్మర్‌లో చుట్లు కలిసినా, వోల్టేజీని పెంచే మల్టిప్లైయర్ లీకైనా ఆ భారం లో వోల్టేజీ సప్లై మీద పడుతుంది. ఆసిలేటర్ ట్రాన్సిస్టర్ కలెక్టర్ కలుపు విప్పగానే రైల్స్ లేస్తే సమాధానం దొరికినట్టే. అక్కడ క్యాథోడ్ వైపు రెండు వేల వోల్టులకు పైన, యానోడ్ వైపు పది వేలకు పైన ఉంటాయి. హై వోల్టేజీ ప్రోబ్ లేకుండా మామూలు మీటరు తగిలించడం నిషిద్ధం.

రిపుల్ ఆకారం చదవడం

వోల్టేజీ సరిగానే ఉండి ట్రేస్ (తెర మీది గీత) వణుకుతుంటే, లేదా వోల్టేజీ కాస్త మాత్రమే తక్కువుంటే, అప్పుడు ఫిల్టర్ కెపాసిటర్ల వంతు. డీసీ మీటరు సగటు చూపిస్తుంది. 14.2 అని చూపిన రైల్ నిజానికి సెకనుకు వందసార్లు 12కి పడి లేస్తుండవచ్చు. మరో స్కోపుతో, ఏసీ కప్లింగ్‌లో, పొట్టి గ్రౌండ్ తీగతో చూడాలి.

50 హెర్ట్జ్ మెయిన్స్ మీద ఫుల్‌వేవ్ రెక్టిఫైయర్ తర్వాత రిపుల్ (డీసీ మీద మిగిలిన ఎగుడుదిగుడు) 100 హెర్ట్జ్ ఉండాలి (60 హెర్ట్జ్ మెయిన్స్ అయితే 120). అది సగానికి తగ్గి మెయిన్స్ ఫ్రీక్వెన్సీలోనే కనిపిస్తే బ్రిడ్జిలో ఒక డయోడ్ తెగింది, లేదా ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే ఒక సోల్డర్ జాయింట్ వదులైంది. కెపాసిటర్ మార్చినా ఇది పోదు.

ముడి డీసీ మీద ఎంత రిపుల్ సహజమో లెక్క సులువు: కరెంటును సమయంతో గుణించి కెపాసిటెన్స్‌తో భాగించాలి. 1 యాంపియర్, 10 మిల్లీసెకన్లు, 4700 మైక్రోఫారడ్‌లకు గరిష్ఠంగా 2.1 వోల్టులు, నిజంలో ఇంకాస్త తక్కువ. 24 వోల్టుల్లోంచి రెండు పోయినా 15 వోల్టుల రెగ్యులేటర్‌కు ఇబ్బంది లేదు. అదే కెపాసిటర్ ఎండి 1000కి దిగితే రిపుల్ 7, 8 వోల్టులు దాటుతుంది, అడుగు భాగంలో రెగ్యులేటర్‌కు నిలబడే చోటుండదు. అప్పుడు రైల్ మీద పైన చదునుగా, కింద లోయలతో ఒక ఆకారం కనిపిస్తుంది. అది ఫిల్టర్ కెపాసిటర్ సంతకం. ముడి డీసీ బాగుండి రెగ్యులేటెడ్ రైల్ మీద మాత్రం నున్నని రిపుల్ ఉంటే ఫిల్టర్‌ను వదిలేసి ఎర్రర్ యాంప్లిఫైయర్ లూప్‌నో, రిఫరెన్స్ దగ్గరి చిన్న కెపాసిటర్‌నో చూడాలి. మెయిన్స్‌తో సంబంధం లేని, కిలోహెర్ట్జ్‌ల్లో ఉండే అల కనిపిస్తే రెగ్యులేటర్ ఆసిలేట్ అవుతోంది. ఔట్‌పుట్ కెపాసిటర్ ఈఎస్ఆర్ (లోపలి సీరీస్ రెసిస్టెన్స్) మారినప్పుడు ఇది మామూలు. 79 తరహా నెగటివ్ రెగ్యులేటర్ ఔట్‌పుట్‌లో 1 మైక్రోఫారడ్ టాంటలం తీసి 1 మైక్రోఫారడ్ అల్యూమినియం వేస్తే ఈ లోపాన్ని చేతులారా తెచ్చుకున్నట్టే. అల్యూమినియం వేయాలంటే 25 మైక్రోఫారడ్‌లు కావాలి.

కొత్త ఫిల్టర్ కెపాసిటర్ విలువ పాతదానికి సమానం నుంచి ఒకటిన్నర రెట్లు చాలు. మూడు రెట్లు వేస్తే రిపుల్ తగ్గుతుంది గానీ ప్రతి అర సైకిల్‌లో డయోడ్ల ద్వారా పారే పోటు కరెంటు పెరుగుతుంది, ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కువ వేడెక్కుతుంది. వోల్టేజీ రేటింగ్ పాతదానికి తగ్గకుండా, 105 డిగ్రీల రకం, రిపుల్ కరెంటు రేటింగ్ చూసి ఎంచుకోండి. పాత డబ్బా కెపాసిటర్ బాడీకి నాలుగు కాళ్లుండి, వాటి ద్వారా బోర్డు మీది గ్రౌండ్ ట్రాక్‌లు కలిసి ఉండొచ్చు. రెండు కాళ్ల కొత్తది వేసి ఆ కలుపుల్ని తీగతో పూరించకపోతే గ్రౌండ్ తెగి కొత్త హమ్ మొదలవుతుంది.

ట్యూబుల పరికరాల్లో సెలీనియం రెక్టిఫైయర్లు పోతే కుళ్లిన వాసనతో విషపు ఆవిరి వస్తుంది, గది తలుపులు తెరవాలి. సిలికాన్ డయోడ్లతో మార్చినప్పుడు ముడి డీసీ పెరుగుతుంది, ఆ తేడాను మింగడానికి సీరీస్ రెసిస్టర్ చేర్చాలి.

స్విచింగ్ సప్లై అయితే

1970ల చివరి నుంచి స్కోపుల్లో ఇవి ఎక్కువయ్యాయి. 230 వోల్టుల మెయిన్స్ మీద ఇక్కడి ప్రధాన కెపాసిటర్ 325 వోల్టుల దగ్గర ఉంటుంది, ప్రైమరీ గ్రౌండ్ నేరుగా మెయిన్స్‌కు కలిసి ఉంటుంది. కొలిచే స్కోపు గ్రౌండ్ క్లిప్ అక్కడ తగిలిస్తే పేలుడే. రిపేరు చేసే పరికరాన్ని ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ మీద పెట్టండి, లేదా డిఫరెన్షియల్ ప్రోబ్ వాడండి. కొలిచే స్కోపు ఎర్త్ పిన్ తీసేసే పాడు అలవాటు జోలికి పోవద్దు.

టిక్, టిక్ అని ఆగి ఆగి శబ్దం వస్తుంటే సప్లై మొదలై ఆగిపోతోంది. సెకండరీలో షార్ట్ ఒక కారణం. రెండోది, ఎక్కువగా కనిపించేది, కంట్రోల్ ఐసీకి ఆరంభ శక్తి ఇచ్చే చిన్న కెపాసిటర్, తరచుగా కొన్ని పదుల మైక్రోఫారడ్‌లది, ఎండిపోవడం. శబ్దమే లేకుండా చచ్చి పడి ఉంటే, ప్రధాన కెపాసిటర్ మీద వోల్టేజీ ఉంటే, దాని నుంచి ఆ చిన్న కెపాసిటర్‌ను నింపే కొన్ని వందల కిలో ఓమ్‌ల రెసిస్టర్ తెగి ఉండొచ్చు.

లోడ్ విప్పి పరీక్షించాలంటే కనీస లోడ్ ఉంచాలి, లేకపోతే చాలా సప్లైలు నిలకడగా నడవవు. 5 వోల్టుల ఔట్‌పుట్‌కు 5 ఓమ్‌లు, 10 వాట్ల రెసిస్టర్ సరిపోతుంది. వాహనాల బల్బులు వాడకండి: చల్లగా ఉన్నప్పుడు వాటి రెసిస్టెన్స్ బాగా తక్కువ, సప్లై దాన్ని షార్టనుకుని ఆగిపోతుంది.

ట్రిమ్మర్ చివరికి

తల్లి రైల్ ట్రిమ్మర్ (వోల్టేజీని సవరించే చిన్న స్క్రూ) తిప్పితే అన్ని రైల్స్ కదులుతాయి, వాటితోపాటు స్వీప్ వేగం, వర్టికల్ గెయిన్ కూడా. అందుకే మాన్యువల్ ఇచ్చిన హద్దులో ఉంటే దాన్ని ముట్టుకోకూడదు, సరిగ్గా 55.00 రావాలన్న ముచ్చటకు అసలే తిప్పకూడదు. హద్దు దాటి ఉంటేనే, అదీ రిపుల్ సరిగ్గా ఉందని చూసి, అరగంట వేడెక్కాక సరిచేయాలి. ఆ తర్వాత వేరియాక్ అనే, వోల్టేజీ మార్చగల ట్రాన్స్‌ఫార్మర్‌తో మెయిన్స్‌ను పది శాతం తగ్గించి, పది శాతం పెంచి ప్రతి రైల్ వోల్టేజీ, రిపుల్ మళ్లీ కొలవండి. తగ్గించినప్పుడు మాత్రమే లోయలు కనిపిస్తే ఒక ఫిల్టర్ కెపాసిటర్ ఇంకా బలహీనంగానే ఉంది.